బేడీలు వేయించింది ఎవరు?

పురానాపూల్ కూరగాయల అంగళ్ల నుంచి మూసీ వెంట కిందికి నడిస్తే హైకోర్టు ఎంతో దూరం లేదు. 1578లో కట్టిన ఈ వంతెన మీదుగా తరతరాలుగా రైతు పంట నగరంలోకి వచ్చింది. రైతు మీద పెట్టిన కేసులు కూడా చివరికి ఈ ఒడ్డుకే చేరుతున్నాయి. (ఆ హైకోర్టు ఇప్పుడు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో వంద ఎకరాలకు తరలిపోబోతోంది. ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం.)

2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి ధర పడిపోయి రైతులు కడుపుమండి తిరగబడ్డారు. పది మందిని జైల్లో పెట్టి, మే నెలలో చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. గొడవ పెద్దదయ్యాక ఇద్దరు ఎస్సైలను సస్పెండ్ చేశారు. 2020 అక్టోబరులో అమరావతి ప్రాంతంలోని కృష్ణాయపాలెం రైతులకు బేడీలు వేసి గుంటూరు జైలుకు తరలించారు. అక్కడ సస్పెండ్ అయింది హెడ్ కానిస్టేబుళ్లు. 2023 జూన్‌లో రీజినల్ రింగ్ రోడ్డుకు భూమి ఇవ్వమన్న రాయగిరి రైతులను భువనగిరి కోర్టుకు బేడీలతోనే తెచ్చారు. 2024 డిసెంబరులో లగచర్ల కేసులో జైల్లో ఉన్న గిరిజన రైతుకు గుండెనొప్పి వస్తే, సంగారెడ్డి ఆసుపత్రికి కూడా బేడీలతోనే తీసుకెళ్లారు. అప్పుడు జైలర్ మీద వేటు పడింది.

మూడు ప్రభుత్వాలు, మూడు పార్టీలు. వేటు మాత్రం ఎప్పుడూ ఎస్కార్టు వెళ్లిన వాడి మీదే. ఆ కానిస్టేబుల్ కూడా మన ఊరి రైతుబిడ్డే. పై నుంచి మాట రాకుండా అంత మంది చేతులకు ఒకేసారి సంకెళ్లు వేసే ధైర్యం అతనికి ఉంటుందంటే మేం నమ్మం.

పెద్ద అధికారుల మీద చర్యలే లేవా అంటే, ఉన్నాయి. తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసులో ఎస్‌ఐబీ మాజీ అధిపతి టి.ప్రభాకర్‌రావు నిందితుడు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక నటిని అక్రమంగా అరెస్టు చేయించారన్న ఆరోపణపై ఇంటెలిజెన్స్ మాజీ అధిపతి పి.ఎస్.ఆర్.ఆంజనేయులు 2025 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. నేరం రుజువయ్యేదీ లేనిదీ కోర్టులు చూస్తాయి. మేం చూస్తున్నది వేరు. ఈ రెండు కేసులూ కదిలింది ప్రభుత్వం మారాకే. కుర్చీ మారితే తప్ప ఐపీఎస్‌ను అడిగే దిక్కు లేదన్నమాట. రైతు ఫిర్యాదు ఏ ప్రభుత్వం మారినా కదలదు. బషీర్‌బాగ్‌లో 2000 ఆగస్టు 28న ముగ్గురు, ముదిగొండలో 2007 జూలై 28న ఏడుగురు పోలీసు తూటాలకు బలయ్యారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు వచ్చి పోయాయో లెక్కపెట్టుకోండి.

చట్టం చెప్పింది తక్కువేమీ కాదు. బేడీలు అసాధారణ పరిస్థితిలోనే వేయాలని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా వేయరాదని 1995లో తేల్చింది. 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో ఎస్పీ, ఆపై అధికారుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో, డీఎస్పీ దాకా జిల్లా స్థాయిలో పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమంది. రాష్ట్ర సంస్థకు విశ్రాంత న్యాయమూర్తే అధ్యక్షుడిగా ఉండాలంది. ఇరవై ఏళ్లు కావస్తోంది. మన పల్లెల్లో ఎంత మందికి అలాంటిదొకటి ఉందని తెలుసు? పైగా 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహిత 43వ సెక్షన్ కొన్ని నేరాలకు బేడీలు వేయడానికి తలుపు తెరిచింది. ఆ జాబితాలోకి రైతు ఆందోళనను లాగే ప్రయత్నం జరగదని అనుకోలేం.

మేం అడిగేది ఒక్కటే. అనుమతి లేకుండా రైతుకు బేడీలు పడితే, మొదటి సంజాయిషీ జిల్లా ఎస్పీ ఇవ్వాలి, అదీ రాతపూర్వకంగా. ఆ కాగితం బయటపెట్టాలి. ఎస్కార్టు సిబ్బంది సంగతి ఆ తర్వాత.

మన వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. కోర్టులో హాజరుపరిచిన రోజే, వకీలు ఉన్నా లేకున్నా, బేడీలు వేశారనీ కొట్టారనీ మేజిస్ట్రేటుకు నోటితో చెప్పండి, రికార్డులో రాయమని అడగండి. తేదీ, టైము, పోలీసు వాహనం నంబరు రాసిపెట్టుకోండి. ఆ వివరాలు మండల కమిటీకి అందజేస్తే ఫిర్యాదు మేం రాస్తాం.