చలిని నిందించిన బండి కదలదు



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మన పలనాటి గ్రామములలో ఒకే మొర వినవచ్చుచున్నది. మిరప బస్తాలనెత్తిన పికప్ బండి వేకువజామున గుంటూరు యార్డునకు బయలుదేరవలసియుండగా సెల్ఫు మూలుగునే గాని ఇంజను అందుకొనదు. బేరమునకు వేళ తప్పిన సరుకు మరునాటివరకు నిలిచిపోవును. ఆ దినపు కూలియు, బాడుగయు, ధరలోని తేడాయు రైతు నెత్తిననే పడును. కారణమేమని యడిగినచో అందరును చెప్పు మాట యొక్కటే: “చలికి బండి పట్టేసినది.”

ఈ మాటను నేనంగీకరింపజాలను. గురజాల, మాచెర్ల ప్రాంతములందు మార్గశిర పుష్యములలో పడు చలి మనుష్యులను కంబళి కప్పుకొనజేయునే కాని, బాగుగానున్న ఇంజనును ఆపగలిగినది కాదు. నీరు గడ్డకట్టు దేశములలో సైతము ఇట్టి బండ్లు ప్రతిదినము నడచుచున్నవి. చలి దోషమును కల్పించుట లేదు. దాగియున్న దోషమును బయటపెట్టుచున్నది.

ఆ దోషము పుట్టినదెప్పుడు? వేసవిలో. రెంటచింతల ఎండల పేరు రాష్ట్రమంతటను ఎరిగినదే. ఆ వేడికి బ్యాటరీలోని నీరు ఇగిరిపోవును, సీసపు పలకలు త్వరగా క్షీణించును. పది డిగ్రీల వేడి హెచ్చినచో బ్యాటరీ ఆయుస్సు సుమారు సగమునకు తగ్గునని స్థూలమైన లెక్క. వేసవిలో ఇంజను సులభముగా తిరుగును గనుక ఈ క్షీణత కంటబడదు. చలికాలమున ఆయిలు చిక్కబడి ఇంజను తిరుగుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. అదే సమయమున బ్యాటరీ బలము కొంత తగ్గును. ఈ రెండును కలిసిననాడు గుట్టు రట్టగును.

డీజిల్ ఇంజను స్వభావమును గూర్చి ఒక మాట. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1893లో పేటెంటు పొందిన ఈ యంత్రమునకు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టు వేడికే డీజిల్ మండును. ఇంజను నెమ్మదిగా తిరిగినచో ఆ వేడి చాలదు. అందుకు తోడుగానే హీటరు ప్లగ్గులుండును. తాళము త్రిప్పినంతనే మీటరు పలకపై చుట్టతీగ గుర్తు గల దీపము వెలుగును. అది ఆరినపిదపనే సెల్ఫు కొట్టవలయును. తొందరపాటున ఆ క్షణముల నోపికను చూపనివారు అనేకులు.

దోషమును గుర్తించుట కష్టము కాదు. తాళము త్రిప్పగా టక్కుమను శబ్దము మాత్రమే వచ్చినను, సెల్ఫు ఈడ్చుచు తిరిగినను, బ్యాటరీని, దాని తీగలను, పిదప సెల్ఫు మోటారును శంకింపుడు. సెల్ఫు చురుకుగా తిరిగియు ఇంజను అందుకొనక, పొగగొట్టము నుండి తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిల్ లోనికి పోవుచున్నది కాని మండుట లేదు. హీటరు ప్లగ్గులను చూపింపుడు. పొగయే లేనిచో డీజిల్ అందుట లేదు. ఫిల్టరు మూసుకొనుటయో, గాలి చేరుటయో, నీరు చేరుటయో యుండును. పీపాలలో నిలువయుంచిన డీజిల్ వాడువారు ఫిల్టరు అడుగునగల నీటిని తరచుగా వదలుట మరువరాదు.

క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు పాత తీగలను చూడుడు. చిలుము పట్టిన టెర్మినలునకు క్రొత్త బ్యాటరీ తగిలించుట, పూడిన కాలువకు క్రొత్త మోటారు బిగించుట వంటిది. ముందుగా మైనస్ తీగను విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో చిలుమును కడిగి, తుడిచి, బిగించి, వాసెలిన్ పూయుడు. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. మరల తగిలించునప్పుడు మైనస్ తీగ కడపటిది. ఇంజనుకు పోవు ఎర్తు తీగను గూడ చూడుడు. రాత్రియంతయు నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగానున్నది, 12.2 చూపినచో సగము ఖాళీ. సెల్ఫు కొట్టునప్పుడు 9.6కు దిగువకు పడినచో అది శంకింపదగినది.

కొన్ని దురలవాట్లను మానవలయును. ఇంజను క్రింద చొప్పమంట వేయుట, గాలి గొట్టమువద్ద మండు గుడ్డను పట్టుట, హీటరు ప్లగ్గులున్న ఇంజనులో ఈథరు చిమ్ముట ప్రాణాపాయములు. సెల్ఫును పది సెకనులకు మించి కొట్టక, నడుమ అరనిమిషమైనను ఆగవలయును.

“ఇది మెకానిక్కు పని, రైతునకేల?” యని కొందరందురు. బండి కట్టుటకు ముందు ఎద్దు గిట్టను, ఇరుసు కందెనను చూచుకొనిన తాతలు పశువైద్యులా? గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట మనకు తగదు.

కావున నా సూచన యిది. ప్రతి సహకార సంఘమును ఒక వోల్టు మీటరును, మూతలు విప్పదగిన బ్యాటరీల ద్రవమును కొలుచు హైడ్రోమీటరును కొని కార్యాలయమున నుంచవలయును. ద్రవము సాంద్రత 1.265కు తగ్గకున్నచో నిండుబలమని తెలియవచ్చును. మొదటి మిరప కోతకు ముందు, కార్తీకమున ఒక దినమును నిర్ణయించి సభ్యుల బండ్లనన్నిటిని పరీక్షింపవలయును. ఈ రెండు పరికరములకగు వ్యయము ఒక్క క్రొత్త బ్యాటరీ వెలలో స్వల్పభాగము. ఒక్కొక్కరు కొనుట అనవసరము, అందరికిని ఒకటి చాలును. విత్తనములకును, ఎరువులకును ఏకమైన మనము ఈ చిన్న పనికి ఏకము కాలేమా? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ప్రతిపాదింపుడు.