దారి ఇచ్చే బాధ్యత

ఉన్నత విద్యకోసం, ఉద్యోగంకోసం అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళే తెలుగు యువతీయువకులకు తొలినాళ్ళలోనే ఎదురయ్యే ఒక ముఖ్యమైన పరీక్ష విశ్వవిద్యాలయంలో జరగదు. వాహనచోదక అనుమతి పత్రమిచ్చే కార్యాలయంలో జరుగుతుంది. కొన్ని మహానగరాలను మినహాయిస్తే అక్కడ కారు లేనివారికి కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టమే. అందువల్ల పలువురు అక్కడి నియమావళిని ఇక్కడ గైడు చదివినట్లే చదివి, జవాబులు కంఠస్థం చేసి గట్టెక్కాలని చూస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. సూత్రం వల్లెవేసినంత మాత్రాన భాష్యం తెలిసినట్లు కాదు.

మనం రహదారికి ఎడమవైపున నడుపుతాం, వారు కుడివైపున నడుపుతారు. బయలుదేరేవారిని అందరూ భయపెట్టేది ఈ భేదంతోనే. నిజానికి ఇది కొద్ది రోజుల అభ్యాసంతో అలవడుతుంది. 1967 సెప్టెంబరు 3న స్వీడన్ దేశం యావత్తూ ఒక్క తెల్లవారుజామున ఎడమ నుంచి కుడికి మారింది. చేతులు త్వరగానే నేర్చుకుంటాయి. ఆలోచన మారడానికే కాలం పడుతుంది.

నాలుగు దారుల కూడలిని తీసుకొందాం. అక్కడ పోలీసు ఉండడు, దీపాలూ ఉండవు. నాలుగు వైపులా ‘స్టాప్’ అని రాసిన ఎర్రని అష్టకోణ ఫలకాలు మాత్రం ఉంటాయి. ప్రతి వాహనమూ, చక్రం కదలకుండా, పూర్తిగా ఆగవలసిందే. ముందు వచ్చి ఆగినవారు ముందు వెళతారు. పక్కపక్క దారుల నుంచి ఇద్దరు ఒకేసారి వస్తే, తన కుడివైపున్న వాహనానికి దారి ఇచ్చి రెండవవారు వేచి ఉంటారు. ఆ చట్టాల వాక్యనిర్మాణాన్ని గమనించడం నాబోటి భాషోపాధ్యాయునికి ఆసక్తికరం. ఫలానావారికి ముందు వెళ్ళే హక్కు ఉందని చెప్పడంకంటే, ఫలానావారు దారి ఇవ్వాలని చెప్పడమే వాటిలో ఎక్కువ. వాక్యానికి కర్త, ఆగవలసినవాడు! హక్కును వెతుక్కుంటూ చదివేవారికి ఈ పుస్తకం బోధపడదు.

పసుపుపచ్చని బడి బస్సు ఎర్రదీపాలు వెలిగించి ఆగినప్పుడు, మధ్య విభాజకం లేని రెండు వరుసల దారిలో వెనుక వచ్చేవారే కాక ఎదురుగా వచ్చేవారూ ఆగాలి. ఎదుటివైపువారు ఎందుకు ఆగాలని కొత్తవారికి తోస్తుంది. బస్సు దిగిన పసివాడు దాని ముందునుంచి రోడ్డు దాటి ఇంటికి పరుగెత్తవచ్చు. కారణం తెలిసినవారికి ఈ నియమాన్ని మరల గుర్తుచేయనక్కరలేదు.

అలాగని అక్కడి ప్రతి నియమమూ ఆదర్శమేనని నేను అనను. ఎర్రదీపం ఉన్నప్పటికీ పూర్తిగా ఆగి, చూసుకొని కుడివైపునకు తిరగవచ్చుననే వెసులుబాటు దేశమంతటా వ్యాపించడానికి ముఖ్య కారణం ఇంధన పొదుపు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత 1975లో వచ్చిన కేంద్ర చట్టం రాష్ట్రాలను ఆ దిశగా నడిపించింది. ఎడమనుంచి వచ్చే కార్లనే చూస్తూ తిరిగే చోదకునికి కుడిపక్క కాలినడకన దాటేవారు కనబడరు. పాదచారి విషయంలో ఆ దేశం మనకు పాఠం చెప్పగల స్థితిలో లేదు. న్యూయార్క్ నగరంలో, అనుమతించే ఫలకం లేనిచోట, అలా తిరగడం నిషిద్ధం. ఒక రాష్ట్రపు నియమం మరొక రాష్ట్రంలో చెల్లకపోవచ్చు; ఒక్కొక్కప్పుడు ఊరు మారితేనే చెల్లదు. ఇక్కడ రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ అనుమతి పత్రాన్ని చేత పట్టుకొని నిశ్చింతగా ఉండేవారు ఈ సంగతి మరువరాదు. దాని గడువు గరిష్ఠంగా ఒక సంవత్సరం. అయినా కాలిఫోర్నియాలో స్థిరనివాసం ఏర్పరచుకొన్నవారు 10 రోజులలోగా ఆ రాష్ట్రపు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.

మాటలకు వలెనే సంకేతాలకు కూడా దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. మన లారీల వెనుక హారన్ మోగించమని వేడుకోలు ఉంటుంది. అక్కడ అకారణంగా మోగిస్తే అది తిట్టు. ఇంతకంటే ప్రమాదకరమైన అర్థభేదం మరొకటి ఉంది. పోలీసు వాహనం వెనుకనుంచి దీపాలు వెలిగిస్తే కారును కుడి అంచుకు తీసి ఆపాలి. దిగి అధికారి వద్దకు నడిచి వెళ్ళడం మన దృష్టిలో మర్యాద. పౌరులవద్ద తుపాకులు విరివిగా ఉండే ఆ దేశంలో అదే చర్య బెదిరింపుగా కనిపించవచ్చు. చేతులు స్టీరింగుపై కనబడేటట్లు ఉంచి, ఉన్నచోటనే కూర్చోవాలి. పత్రాలకోసం సొరుగు తెరిచే ముందు ఆ మాట చెప్పాలి. బిడ్డలను చూడవచ్చిన తల్లిదండ్రులకు కూడా ఈ విషయం ముందుగానే తెలియజేయడం మంచిది. నాలుగు మంచిమాటలతో సర్దిచెబుదామని వెనుక సీటులోని పెద్దాయన తలుపు తీసుకొని దిగడం మనవారిలో ఎంతో సహజం.