తోమకండి, కత్తిరించకండి!

మొన్న దసరాకి వెండి సామాన్లు తోముతూ, మా అత్తగారి ట్రంకుపెట్టెలో దొరికిన పది రూపాయల బిళ్లని కూడా విభూతి పెట్టి రుద్దేశాను. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో వేసిన నాణెం అది. పార్లమెంటు భవనం ముందు జెండాతో ఒక జంట బొమ్మ. అందులో సగం వెండే.

"చూడండత్తయ్యా, ఎలా మెరుస్తోందో!" అంటే ఆవిడ ముఖం చిన్నబోయింది. "యాభై ఏళ్ల వయసుని తోమేశావు కదమ్మా" అన్నారు.

నిజమే. నాణేలు సేకరించేవాళ్లు మెరుపు చూడరు, గీతలు చూస్తారు. రుద్దితే పడే సన్నటి గీతలు మరిక పోవు.

అదే పెట్టెలో 1948 నాటి ఉత్తరం ఒకటి, కవరుతో సహా ఉంది. అత్తగారి అమ్మగారికి బెజవాడ పుట్టింటి నుంచి వచ్చిందట. దానిమీద గాంధీగారి అణాన్నర స్టాంపు! స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైనందుకు 1948 ఆగస్టు 15న విడుదలైన నాలుగు స్టాంపుల్లో అదొకటి. మిగతావి మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలవి. స్విట్జర్లాండులో అచ్చయ్యాయి. 'బాపూ' అని హిందీలో, ఉర్దూలో ఉంటుంది. ఆ జనవరిలోనే బాపూ పోయారు. పండక్కి వేసిన స్టాంపే ఆయనకి నివాళి కూడా అయింది.

కత్తెర తీసుకుని, ఈసారి ముందు అడిగాను. "వద్దమ్మా. అమ్మ దాచుకున్నది స్టాంపుని కాదు, ఉత్తరాన్ని" అన్నారు అత్తగారు.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే ఇవి గుర్తుంచుకోండి:

* పాత నాణేలకి విభూతి, చింతపండు, టూత్‌పేస్టు తగలనివ్వకండి. అంచులు పట్టుకుని తీయండి.

* తపాలా ముద్ర పడిన పాత కవరుని ఉన్నదున్నట్టే ఉంచండి. ముద్రలోని ఊరు, తేదీయే దాని విలువ.

* మామూలు కవరు మీది స్టాంపు కావాలంటే చుట్టూ కాగితం వదిలి కత్తిరించి, చన్నీళ్లలో నాననివ్వండి. దానంతటదే ఊడి వస్తుంది. గుడ్డమీద ఆరబెట్టి, పుస్తకం బరువు పెట్టండి.

* స్టాంపుల్ని జిగురుతో అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. తేమ తగలని అరలో పెట్టండి.

1997 నాటి దండియాత్ర అర్ధరూపాయి, 2022లో వచ్చిన అమృత మహోత్సవం నాణేలు మీ పోపులడబ్బాలో ఉన్నాయేమో చూడండి. ఒక్కొక్కటి తీసి, ఎవరిచ్చారో చీటీ రాసి పెట్టండి. పిల్లలకి రేపు ఆ చీటీయే ముఖ్యం.