పాత జీతం గడి

హోసూరు, బళ్లారి, బరంపురం వైపు మన బడుల్లో చదివిన పిల్లలు చాలామంది మొదట ఊళ్లోనే, దొరికిన జీతానికి చేరతారు. రెండేళ్లయ్యాక బెంగళూరుకో చెన్నైకో దరఖాస్తు పెడితే అందులో ఒక గడి ఉంటుంది: ప్రస్తుత జీతమెంత? అక్కడ రాసిన అంకె మీదే కొంత శాతం కలిపి కొత్త జీతం తేలుస్తారు. చేయబోయే పనికి కాదు, పాత యజమాని పిసినారితనానికి వెల కట్టడమిది. ప్రసవానికి ఉద్యోగం మాని మళ్లీ వచ్చే ఆడపిల్లలకు ఈ దెబ్బ మరీ ఎక్కువ.

అమెరికాలో కాలిఫోర్నియా, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో ఈ ప్రశ్నను కట్టడి చేసే చట్టాలు 2018లో అమల్లోకి వచ్చాయి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. పేస్లిప్పులు, ఫారం 16 అడగడం మామూలే కనుక అంకె పెంచి చెబితే దొరికిపోతారు. ‘ఈ ఉద్యోగానికి మీరు అనుకున్న జీతమెంత?’ అని ముందు వారినే అడగడం తప్పు కాదు. చెప్పక తప్పకపోతే చేతికొచ్చేది వేరు, యాజమాన్యం కట్టే పీఎఫ్ వాటా కలిపిన సీటీసీ వేరు అని విడదీసి చెప్పాలి. మొదటిదే చెప్పి నష్టపోతున్నవారు తక్కువేం కాదు.

తెలుగు పండితుల కోసం మన బడులిచ్చే దరఖాస్తుల్లోనూ ఈ గడి ఉంటే, దాన్ని కొట్టేయడానికి యాజమాన్యాలు ఏ ప్రభుత్వ అనుమతికీ ఎదురుచూడనక్కరలేదు.