రహదారి వంతెనలు - భూకంప భయము

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున బుట్టిన భూకంపము విజయవాడను సైతము కదలించినది. దాని పరిమాణము 5.3. అంతకు బూర్వము 1967లో ఒంగోలు ప్రాంతమున 5.4, 1969లో భద్రాచల ప్రాంతమున 5.7 పరిమాణముగల కంపములు సంభవించినవి. మన సీమ హిమాలయ ప్రాంతము వంటిది కాదు, నిజమే. అపాయము మధ్యమమైనంతమాత్రమున ఉపేక్షింపదగినదని యనుకొనుట వివేకము గాదు.

వంతెన కపాయమును గణించుటకు భూమి యెంత కదలుననునది యొక్కటే చాలదు. అది యెట్టి నేలపై నిలిచినది? ఏ కాలపు కట్టడము? తెగినచో జనులకు వేఱు మార్గము గలదా? మైలవరము కొండల చెంత నేల గట్టిది. దిగువ డెల్టా ఒండ్రుమట్టి. మెత్తని నేలలో కంపము పెచ్చు పెరుగును. నీరు నిండిన యిసుక ద్రవమువలె జారును. 1964లో జపానునందలి నీగాటాలో అట్లే జరిగి, నూతనముగా నిర్మించిన షోవా వంతెన పైభాగములు నదిలో గూలినవి.

నివారణోపాయములు లేకపోలేదు. స్తంభము విరుగకయే దానిపై నానిన దూలము జారిపడవచ్చును. 1971 సాన్ ఫెర్నాండో భూకంపము పిదప కాలిఫోర్నియావారు దూలములను ఉక్కుతాళ్లతో బంధించిరి. అదియు జాలలేదు: 1989లో ఓక్లండునందు స్తంభములు బలహీనమై రెండంతస్తుల రహదారి కూలి 42 మంది మరణించిరి. కావున దూలము లానుచోటును వెడల్పు చేయుట, స్తంభములకు ఉక్కు తొడుగు వేయుట, రెండును గావలెను. క్రొత్త వంతెన వ్యయముతో బోల్చిన నిది స్వల్పము.

ప్రకాశము బ్యారేజి 1957లోను, కనకదుర్గ వారధి 1995లోను వాడుకలోనికి వచ్చినవి. భారత రోడ్ల కాంగ్రెసు వంతెనల భూకంపరక్షణకై ప్రత్యేక నిబంధనలను వెలువరించినది 2018లో. పాతవన్నియు బలహీనములని మేమనుట లేదు. పరీక్షింపక బలమైనవనుటయు దగదనుచున్నాము. వరదలు స్తంభముల మొదళ్లను గోయుచుండగా ఈ పరీక్ష మఱింత యవసరము.

2024 సెప్టెంబరులో మైలవరపు కొండల బుట్టిన బుడమేరు పొంగినపుడు, దారి తెగినవారికి అన్నము, ఔషధము చేర్చుట యెంత దుర్భరమో కన్నులార జూచితిమి. వరద ముందుగా హెచ్చరించును; భూకంపము హెచ్చరింపదు. మైలవరము మీదుగా భద్రాచలము వైపు బోవు 30వ జాతీయ రహదారి మొదలు డెల్టా కాలువల వంతెనల వఱకు అన్నిటిని పరీక్షించి, అపాయక్రమమున పట్టిక గట్టి, ప్రజలకు బ్రకటింపవలెను. ఏ వంతెన ముందు, ఎంత వ్యయము, ఎప్పటికి ముగియును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమడుగుట పన్ను చెల్లించు ప్రతివాని హక్కు.