విల్లు పట్టిన చేయి కత్తియు పట్టవలయును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేసవి రాత్రులందు, చదునైన అడుగుగల పడవల ముందుభాగమున తీక్ష్ణములైన విద్యుద్దీపములను అమర్చుకొని, లోతులేని నీటిలో సంచరించు చేపలను విల్లమ్ములతో కొట్టు వినోదము, బౌఫిషింగ్ అను పేర మిక్కిలి వ్యాప్తిలోనికి వచ్చినది. అమ్మునకు బలమైన త్రాడు కట్టియుండును. దాని మొనకు వెనుకకు వంగిన ముండ్లుండును. నీటిలోని వస్తువు తానున్న చోటికంటె పైన కనబడును గనుక, కనబడు చేపకు క్రిందుగా గురిచూచుట అభ్యసింపవలయును. ఇది సులభసాధ్యమైన విద్య కాదు. దానిని నేర్చినవారి నైపుణ్యమును నేను తక్కువ చేయను. అయితే, తెల్లవారిన పిదప పడవల రేవుచెంత కుప్పలుగా కుళ్లుచు పడియుండు కార్పులను, గార్లను, బఫెలో చేపలను తలచుకొన్నచో, ఆ నైపుణ్యము సగములోనే ఆగిపోవుచున్నదని చెప్పక తప్పదు.

గాలముతో పట్టువానికి మనసు మార్చుకొను అవకాశము గలదు. కొక్కెము తీసి చేపను తిరిగి నీటిలో విడువవచ్చును. అమ్ము గ్రుచ్చుకొన్న చేపను విడిచిన మాత్రమున అది బ్రతుకుట అరుదు. కావున వింటి నారిని విడుచుటకు ముందే, ఈ ప్రాణిని ఏమి చేయుదునన్న ప్రశ్నకు వేటగాని యొద్ద సమాధానముండవలయును. బాస్, ట్రౌట్ వంటి గౌరవనీయములైన చేపలను అమ్ముతో కొట్టుటను అక్కడి శాసనములు సాధారణముగా నిషేధించి, మోటుచేపలని వేరుచేసిన జాతులను మాత్రమే ఈ వేటకు విడిచిపెట్టినవి. అనేక రాష్ట్రములలో వీనికి సంఖ్యాపరిమితియైనను లేదు. మిన్నెసోటా వంటి రాష్ట్రములు చంపిన చేపను ఒడ్డున పారవేయరాదని శాసించినను, తినుటకు పనికిరానిదానిని పారవేసిన దోషమేమి అను భావము జనులలో పాతుకొనిపోయినది.

ఆ భావము చరిత్రకు విరుద్ధము. నేడు ఇంతగా తృణీకరింపబడుచున్న సాధారణ కార్పును, ప్రజలకు చౌకగా పుష్టికరమైన ఆహారము లభించునను ఆశతో, 1877లో అమెరికా మత్స్యశాఖాధిపతి స్పెన్సర్ బెయర్డ్ జర్మనీనుండి తెప్పించి, బాల్టిమోరు నగరపు చెరువులలో పెంచి, రాష్ట్రరాష్ట్రములకు పంచిపెట్టెను. గడ్డిచేపను మన దేశమువారు 1959లో తెచ్చుకొనగా, వారు 1963లో తెచ్చుకొన్నారు. ఇక్కడ కైకలూరు ప్రాంతపు చెరువులలో శీలావతితోను బొచ్చెతోను కలిసి పెరిగి, మన యిండ్ల పులుసు గిన్నెలలోనికి చేరుచున్న ఆ గడ్డిచేపయే అక్కడ అమ్ము దెబ్బకు చచ్చి రేవున కుళ్లుచున్నది. ముండ్లు ఎక్కువన్నది వారి ప్రధానాక్షేపణ. ముండ్ల సంఖ్యనుబట్టియే చేప విలువ నిర్ణయింపవలసివచ్చినచో, పుస్తెలమ్మియైనను తినవలెనని గోదావరి తీరమువారు చెప్పుకొను పులసకు మన దేశమున ఎట్టి స్థానముండెడిది?

లోపమంతయు కొట్టిన తరువాతి గడియలలో నున్నది. వేసవి రాత్రి వెచ్చని నీటినుండి తీసిన చేపను, గాయముతోనే పడవ మీద ఉదయము వరకు పడియుండనిచ్చినచో, ఎంతటి మేలిజాతి చేపయైనను చెడిపోవును. తక్షణమే మొప్పలు కోసి నెత్తురు కార్చి, మంచు నింపిన పెట్టెలో పాతిపెట్టవలయును. మంచుపెట్టె నిండినచో వేట ముగిసినట్లే. కార్పునకు అంటగట్టిన బురదవాసన చాలవరకు ప్రక్కలవెంట సాగు ముదురెరుపు కండలో నుండును. దానిని చార వెంబడి తీసివేసినచో తెల్లని మాంసము మిగులును. రెండుగా చీలిన సన్నని ముండ్లను పూర్తిగా ఏరుట దుష్కరము గనుక, అక్కడి నదీతీరవాసులు చర్మము తెగకుండ మాంసమును మిక్కిలి దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి, కాగిన నూనెలో వేయింతురు. తునకలైన ముండ్లు కరకరలాడి నాలుకకు తెలియకపోవును. మరికొందరు ఉప్పునీటిలో నానబెట్టి హికరీ కట్టె పొగలో మగ్గింతురు. గాజుసీసాల కెత్తి ప్రెషర్ క్యానర్‌లో తగినంతసేపు ఉడికించినచో, ముండ్లు డబ్బా సాల్మను ముండ్లవలెనే మెత్తబడి, మాంసముతోపాటు తినుటకు వీలగును. బఫెలో చేప ప్రక్కటెముకల వేపుడు దక్షిణ రాష్ట్రములలో ఇప్పటికిని ప్రీతిపాత్రమైన వంటకము.

గార్ చేప పొలుసులు కవచమువంటివి. మామూలు కత్తికి లొంగవు. రేకు కత్తెరతోనో చిన్న గొడ్డలితోనో వీపు వెంబడి చీల్చవలయును. లోపల వెన్నుకిరువైపులనున్న మాంసము, కార్పులోనివంటి సన్నముండ్లు లేనిదై, లూసియానావారి గార్ ఉండలకు యోగ్యమైనది. ఇచ్చట ఒక హెచ్చరిక అత్యవసరము. చేప జనను ఇష్టముగా వేయించుకొను అలవాటు మన ఇండ్లలో గలదు. గార్ జన విషము. దానిని మనుష్యులు తినరాదు, కుక్కలకును పెట్టరాదు.

తినని చేపను తోటలో పాతిపెట్టితిమి గదాయని సమాధానపడువారు గలరు. మొక్కజొన్న పాదులలో చేపను ఎరువుగా వేయుటను 1621లో ప్లిమత్ వలసవారికి ఆదిమవాసియైన స్క్వాంటో నేర్పెనన్నది ప్రసిద్ధమే. తలలు, ప్రేవులు, ఎముకలు ఆ విధముగా నేలకు చేరుట యుక్తము. మాంసమునంతటిని పాతివేయుట మాత్రము పారవేయుటకు మర్యాదగల మరియొక రూపముగనే నాకు తోచుచున్నది.

ఆ దేశమున స్థిరపడిన మనవారు ఈ విషయమున చేయదగినది గలదు. సముద్రములు దాటి వచ్చిన గడ్డకట్టిన రోహును కొనుక్కొను కుటుంబములకు, తమ ఊరి నదిలోని కార్పు పులుసునకు ఏమాత్రమును తీసిపోదు. మేరీలాండు, వర్జీనియాల పొటోమాక్ నదిలో రాత్రివేళ అమ్ములతో కొట్టు స్నేక్‌హెడ్ చేప, తెలంగాణ రాష్ట్రచేపయైన కొరమీనునకు దాయాదియే. పరదేశమునుండి వచ్చి స్థానిక జాతులకు బెడదగా మారిన ఇట్టి చేపను ఎంత తిన్నను మేలే. ప్రాణముతో తరలించుట మాత్రము నేరము. పట్టినదానిని అమ్ముట పెక్కుచోట్ల నిషిద్ధమైనను, ఇచ్చిపుచ్చుకొనుటకు సాధారణముగా అడ్డులేదు. పాదరసాది కల్మషములను గూర్చి ఆయా రాష్ట్రముల ఆరోగ్యశాఖలు ప్రకటించు సూచనలను మాత్రము ముందుగా చూచుకొనవలయును.

కాని సద్వినియోగమన్నది అపరిమిత సంహారమునకు అనుమతిపత్రము కారాదు. బిగ్‌మౌత్ బఫెలో అను చేప అక్కడి నదుల సొంతబిడ్డ. కార్పును బోలియుండుటచే దానితో జమకట్టబడినది. 2019లో ప్రకటితమైన పరిశోధనలో, చెవిలోని చిన్నరాళ్ల పొరలను లెక్కించి, మిన్నెసోటాలోని ఒక చేప వయస్సు 112 సంవత్సరములని నిర్ధారించిరి. కొన్ని సరస్సులలోని చేపలలో అత్యధికభాగము ఎనుబదేండ్లు దాటినవే. పిల్లతరము కరవైన అట్టి సరస్సులో, ఒక రాత్రి పడవనిండ కొట్టిన చేపలను ఎంత శ్రద్ధగా వండుకొన్నను, ఆ లోటు మన జీవితకాలమున పూడదు. టెక్సాసు 2009 నుండి ఎలిగేటర్ గార్‌ను దినమునకు మనిషికి ఒక్కటిగా పరిమితము చేసినది. బఫెలో చేపకును అట్టి హద్దు ప్రతి రాష్ట్రమున ఏర్పడవలయును. పోటీలు నడుపువారు మొదటి అమ్ము వేయుటకు ముందే చేపలను శుభ్రపరచు బల్లలను, మంచును, వానిని తీసికొనిపోవువారిని సిద్ధపరచి, శుభ్రముచేసి మంచులో నుంచి తెచ్చిన మాంసమునే తూకమునకు అంగీకరింపవలయును.