ఆగస్టు 29: సభల్లో సవర వినిపించాలి

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు ఆగస్టు 29 నిండైన తేదీ. 1905లో ఆ రోజున ధ్యాన్‌చంద్ పుట్టాడు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో హాకీ స్వర్ణాలు తెచ్చిన జట్లన్నిటిలోనూ అతనున్నాడు. అతని పుట్టినరోజే జాతీయ క్రీడా దినోత్సవం. 1863లో గిడుగు వెంకట రామమూర్తి పుట్టిందీ ఆ రోజే, అందుకే తెలుగు భాషా దినోత్సవం. ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి వేదికల మీద దండిగా చెబుతారు, చెప్పాల్సిందే. కానీ పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు అందులోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టిన గిడుగు అంతగా వినబడరు. 1931 నాటి ఆయన సవర వ్యాకరణం ఏళ్ల శ్రమకు ఫలం. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో సవర పిల్లలు ఇవాళా బడికెళ్తున్నారు. ఆయన పేరిట జరిగే సభల్లో వాళ్ల మాట కూడా వినిపించాలి, వాళ్ల పెద్దలకు ముందువరసలో కుర్చీ వేయాలి.